చిలుకకు నత్తి ఎలా వచ్చింది: ‘త్రీ ఇన్వెస్టిగేటర్స్’ మళ్ళీ చదివాక

“పిన్నీ, ఒక్క నిమిషం ఆగు. చిలుకకు నత్తి ఎందుకు వస్తుంది?”

మా అక్క కొడుకుకు పదకొండేళ్ళు. అంతకు ముందు వాడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన కథల పుస్తకం ఒక్కటీ లేదు. ఆ రోజు కూడా నేను పైకి చదువుతుంటే పక్కమీద బోర్లా పడుకుని వింటున్నాడంతే. కథలో ఒక పెంపుడు చిలుక కనిపించకుండా పోయింది. షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసిద్ధ వాక్యాన్ని అది నత్తిగా పలికేదని దాని యజమాని చెప్తాడు. నేను అది చదివేసి ముందుకు వెళ్ళిపోతున్నాను. వాడు లేచి కూర్చున్నాడు. విన్నది విన్నట్టు అప్పజెప్పే పక్షికి సొంతంగా నత్తి రాదు, ఎవరో పనిగట్టుకుని నేర్పి ఉండాలి అన్నాడు. తర్వాత జూపిటర్ జోన్స్ అనే కుర్రాడు సరిగ్గా అదే మాట అన్నాడు. అప్పుడు మా వాడు నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. మిగిలిన కథంతా వాడే చదివి నాకు వినిపించాడు.

ఆ పుస్తకం ‘ద మిస్టరీ ఆఫ్ ద స్టటరింగ్ పారట్’. అమెరికాలో 1964లో మొదలైన ‘త్రీ ఇన్వెస్టిగేటర్స్’ శ్రేణిలో రెండోది. వాడి వయసులో నేను వీటిని ఒక్కో పుస్తకం రెండేసి మూడేసి సార్లు చదివాను. ఇప్పుడు మొదటి దాని నుంచి వరుసగా, ఈసారి పైకి చదువుతున్నాను. పైకి చదవడం వల్లనే చిన్నప్పుడు తట్టని సంగతి ఒకటి తెలిసింది. ఇవి చెవితో చదవవలసిన పుస్తకాలు.

ముందు తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. కాలిఫోర్నియాలో రాకీ బీచ్ అనే కల్పిత పట్టణం. ముగ్గురు కుర్రాళ్ళు. బొద్దుగా, మాటకు ముందు ఆలోచించే జూపిటర్ వీళ్ళకు నాయకుడు. పీట్ క్రెన్షా బలశాలి, అయినా దయ్యాల మాట వస్తే వెనకడుగు వేస్తాడు. బాబ్ ఆండ్రూస్ గ్రంథాలయంలో కొన్ని గంటలు పని చేస్తాడు, కేసు వివరాలన్నీ రాసి పెడతాడు. తల్లిదండ్రులు లేని జూపిటర్‌ను పెంచుతున్న మామయ్య, అత్తయ్యలకు ఒక పాత సామాన్ల దొడ్డి ఉంది. ఆ దొడ్డిలో తుక్కు గుట్టల వెనక ఎవరికీ కనిపించకుండా, చక్రాల మీది ఇల్లు లాంటి ఒక పాడైన ట్రెయిలర్ ఉంటుంది. అదే వీళ్ళ కార్యాలయం. లోపలికి వెళ్ళాలంటే ఇనుప గొట్టంలో పాక్కుంటూ వెళ్ళాలి, ఆ దారి పేరు ‘టన్నెల్ టూ’. లోపల టెలిఫోను కూడా ఉంది. పాత సామాన్లు బాగు చేసి సంపాదించిన డబ్బుతో ఆ ఫోను బిల్లు తామే కట్టుకుంటారు.

ఈ బిల్లు సంగతి నాకు చాలా ఇష్టం. పిల్లలు డిటెక్టివులుగా ఆడుకుంటున్నారని రచయిత ఎక్కడా అనడు. వాళ్ళకు ఒక కార్యాలయం ఉంది, ఖర్చులు ఉన్నాయి, విజిటింగ్ కార్డు ఉంది, పని పంచుకునే పద్ధతి ఉంది. కార్డు మీద మూడు ప్రశ్నార్థకాలు ఉంటాయి. ఎక్కడికైనా వెళ్తే ఆనవాలుగా సుద్దముక్కతో ఆ గుర్తు గీస్తారు, జూపిటర్‌ది తెలుపు, పీట్‌ది నీలం, బాబ్‌ది ఆకుపచ్చ. పదకొండేళ్ళ పిల్లవాడు కోరుకునేది సాహసం ఒక్కటే కాదు. తన పని కూడా పనేనని ఎవరైనా ఒప్పుకోవాలని కోరుకుంటాడు. ఈ పుస్తకాలు మొదటి పేజీ నుంచీ ఒప్పుకుంటాయి.

ఇక చెవి సంగతి. ఈ శ్రేణిని సృష్టించిన రాబర్ట్ ఆర్థర్ అంతకు ముందు రేడియో రచయిత. డేవిడ్ కోగన్‌తో కలిసి ఆయన నడిపిన ‘ద మిస్టీరియస్ ట్రావెలర్’ అనే నాటకాల కార్యక్రమం 1943 నుంచి 1952 వరకు సాగింది. అది తెలుసుకుని పుస్తకాల పేర్లు మళ్ళీ చూడండి. నత్తి చిలుక, గుసగుసలాడే మమ్మీ, కేకపెట్టే గడియారం, మాట్లాడే పుర్రె. రహస్యం ప్రతిసారీ ఒక చప్పుడుగా వస్తుంది. మొదటి పుస్తకం ‘ద సీక్రెట్ ఆఫ్ టెర్రర్ కాజిల్’లో దయ్యాల కొంప కట్టించుకున్న నటుడు మూకీ చిత్రాల తార. తెరకు మాట రాగానే ఆయన కీచు గొంతు విని జనం నవ్వారు, దాంతో ఆయన సినిమా జీవితం ముగిసిపోయింది. భయపెట్టే కథకు ఒక మనిషి గొంతు పడిన అవమానాన్ని పునాదిగా వేయడం రేడియోలో పండిన రచయితకే తోస్తుందని నా నమ్మకం. ఆ భాగం చదివాక మా వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, “పాపం, ఆయన తప్పు ఏముంది?” అన్నాడు.

మూడో పుస్తకంలో ఒక ఆచార్యుడి ఇంట్లో ఉన్న మమ్మీ ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే ఏదో ప్రాచీన భాషలో గుసగుసలాడుతుంది. వేరొకరు గదిలోకి రాగానే ఆగిపోతుంది. ఇది పైకి చదివేటప్పుడు గొంతు దానంతట అదే తగ్గిపోతుంది. మొదటి వాక్యాన్ని ఏ స్థాయిలో చదవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో రచయితే రాసి పెట్టినట్టు ఉంటుంది. అధ్యాయం ముగిసేసరికి తలుపు కిర్రుమంటుంది, లేదా దీపం ఆరిపోతుంది. జర్మనీలో ఈ కథలు 1979 నుంచి శబ్ద నాటకాలుగా వస్తూ, ఇప్పుడు మూల పుస్తకాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సంఖ్యకు చేరాయంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. చెవి నుంచి పుట్టినవి చెవి దగ్గరికే చేరాయి.

చిలుకల కథ ఈ శ్రేణికంతటికీ శిఖరం అంటాను. పోయిన చిలుక ఒక్కటే కాదు. మొత్తం ఏడు పక్షులు, అందులో ఒకటి గోరువంక. ఒక్కొక్కదానికి ఒక్కో పేరు, ఒక్కో మాట. చనిపోయిన ఒక మనిషి విలువైన వర్ణచిత్రం ఒకటి దాచి, దాని జాడను ఏడు ముక్కలు చేసి ఏడు గొంతుల్లో పెట్టి వెళ్ళాడు. ఒక పక్షి అందరికీ తెలిసిన పిల్లల పాటను కాస్త మార్చి పాడుతుంది. ఆ మార్పు పొరపాటు కాదు. ఆధారం మొత్తం పాఠకుడి ముందే, అక్షరం అక్షరం పలికి వినిపిస్తారు. జేబులో దాచి చివర్లో బయటికి తీసేది ఏదీ లేదు. ఈ నిజాయితీకే పిల్లలు మళ్ళీ మళ్ళీ వస్తారని నేననుకుంటాను. ఒక్క ఇబ్బంది ఉంది. ఆ మాటల చమత్కారం ఇంగ్లీషు శబ్దాల మీద నడుస్తుంది. నేను అర్థం కానివి తెలుగులో చెప్తూ చదివాను కానీ, ఆ ఏడు పలుకులను మాత్రం ముట్టుకోలేదు. వాటిని ఉన్నవి ఉన్నట్టే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాం.

అదే పుస్తకంలో ఇంకో ముచ్చట. చిలుకలను వెతకడానికి ముగ్గురూ తలా ఐదుగురు స్నేహితులకు ఫోను చేస్తారు, ఆ ఐదుగురూ మళ్ళీ తలా ఐదుగురికి చేయాలి. మా వాడు వెంటనే లెక్క కట్టాడు, 15, 75, 375, 1875. తర్వాత కలం ఆపి, “ఒకడికే ఇద్దరు ఫోను చేస్తే లెక్క తగ్గుతుంది కదా” అన్నాడు. వాడు చేతి ఫోను లేని కాలం ఎరగడు. “ఫొటో తీసి అందరికీ పంపొచ్చు కదా” అన్న ప్రశ్న మొదటి పుస్తకంలో రెండుసార్లు వచ్చింది, ఆ తర్వాత రాలేదు. కథ తన లోకపు నియమాలను గట్టిగా పాటిస్తే పిల్లలు ఆ లోకంలోనే ఆలోచించడం మొదలుపెడతారు. కాబట్టి పాతబడిన వస్తువుల గురించి పెద్దలు పడే బెంగ అనవసరం.

లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. ఈ లోకంలో ఆడపిల్ల దాదాపు లేదు. జూపిటర్ అత్తయ్య మటిల్డా ఎప్పుడూ కుర్రాళ్ళకు పని పురమాయిస్తూ ఉంటుంది. చిన్నప్పుడు నేను ఈ మూడు పేర్లలో ఏ పేరు నాదని నన్ను నేనే అడిగి, చివరికి బాబ్‌నని నిర్ణయించుకున్నాను. ఆ వెలితి ఇప్పుడూ తగులుతుంది. జూపిటర్ లావు మీద వచ్చే మాటలు మరీ ఎక్కువ. పరాయి దేశాల మనుషులను చూపడంలో ఆ కాలపు అలవాట్లు కనిపిస్తాయి. అలాంటి చోట నేను చదవడం ఆపి వాడితో మాట్లాడాను, దాటవేయలేదు.

దాటవేయకపోవడానికి కారణం ఉంది. ఆడపిల్ల కావాలంటే అమ్మాయి డిటెక్టివ్ నాన్సీ డ్రూ ఉంది కదా అని ఆ శ్రేణి తీశాను. మొదటి మూడు పుస్తకాలు 1930లో ఒకేసారి వచ్చాయి. కేరొలిన్ కీన్ అనే పేరు వెనక ఉండి మొదట రాసింది మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్. 1959 నుంచి పాత పుస్తకాలను తిరగరాశారు, 1927లో మొదలైన అన్నదమ్ముల డిటెక్టివ్ శ్రేణి హార్డీ బాయ్స్‌నూ అలాగే చేశారు. జాతుల గురించిన నీచమైన వర్ణనలు తీసేశారు, అది చేయవలసిన పనే. కానీ 25 అధ్యాయాలను 20కి కుదించారు, నాన్సీ వయసును పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచారు, పెద్దల మాటకు ఎదురు నిలిచే ఆ పిల్లను మర్యాదస్తురాలిగా మార్చారు. బెన్సన్ రాసిన నాన్సీకి వేడి ఉంటుంది. తిరగరాసిన నాన్సీ వేగంగా కదులుతుంది కానీ నాకు అంతగా గుర్తుండదు. వీలైతే పాత పాఠం వెతికి, పక్కన కూర్చుని చదివించండి.

డొనాల్డ్ సోబోల్ రాసిన ఎన్‌సైక్లోపీడియా బ్రౌన్ కథలూ చూశాం. పుస్తకానికి పది చిన్న కేసులు, జవాబులు చివర్లో. చదవడం ఇప్పుడిప్పుడే అలవాటవుతున్న పిల్లలకు అవి సరైనవి. మా వాడికి మూడు రోజుల్లో ఆసక్తి తగ్గింది, ఎందుకంటే అక్కడ పొడుపు ఉంది గాని దాక్కునే చోటు లేదు.

‘త్రీ ఇన్వెస్టిగేటర్స్’ కొనాలనుకునేవారికి ఒక మాట. 1987 వరకు మూల శ్రేణిలో 43 పుస్తకాలు వచ్చాయి. ఆర్థర్ 1969లో చనిపోయారు. మొదటి తొమ్మిది, పదకొండోది ఆయనవి. విలియం ఆర్డెన్ అనే కలంపేరుతో వచ్చిన పదోది, ఆ తర్వాత ఎం.వి. కేరీ రాసినవి బాగానే ఉంటాయి, కానీ ఆ చెవి వాటిలో తక్కువ. పాత ముద్రణల్లో సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక పాత్రగా కనిపిస్తారు, ముందుమాట కూడా ఆయన పేరుతోనే ఉంటుంది. నిజానికి అది ఆయన రాసింది కాదు, పేరు మాత్రమే ఇచ్చారు. 1980లో ఆయన మరణించాక ఆ స్థానంలో కల్పిత పాత్ర వచ్చింది. తర్వాత పాత పుస్తకాల పునర్ముద్రణల్లో కూడా ఆయనను తీసేశారు. కథకు దీనివల్ల పెద్ద నష్టం లేదు కానీ, టెర్రర్ కాజిల్‌కు మాత్రం పాత ముద్రణే వెతకమంటాను. ఒక కుర్రాడు హిచ్‌కాక్ గదిలోకి ధైర్యంగా నడిచి వెళ్ళి, మీ సినిమాకు అసలైన దయ్యాల ఇల్లు వెతికి పెడతానంటాడు. ఎదుట నిజమైన మనిషి ఉంటేనే ఆ తెగువకు విలువ. బొమ్మలు హ్యారీ కేన్ వేసినవైతే ఇంకా మంచిది. మాకు దొరికిన ఒక కొత్త ప్రతికి జిగురు సరిగా అంటక నడుమ కాగితాలు ఊడి వచ్చాయి. అందులో బొమ్మలూ లేవు. కొనే ముందు పుస్తకం వెన్ను వంచి చూసుకోండి.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు ఇవి సరిపోతాయి. రోజుకు రెండు అధ్యాయాలు, పైకి.

మేమిప్పుడు తొమ్మిదో పుస్తకంలో ఉన్నాం. గంట కొట్టవలసిన అలారం గడియారం మనిషిలా కేక పెడుతుంది. అందులో పాత రేడియో నాటకాల కాలమంతా కథలోకి నడిచి వస్తుంది, ఆర్థర్ తన ఇంటికి తానే తిరిగి వెళ్ళినట్టు. నిన్న రాత్రి మొదటి అధ్యాయం దగ్గర మా వాడు పుస్తకం నాకిచ్చాడు. “కేక నువ్వు పెట్టు పిన్నీ, నేను కళ్ళు మూసుకుని వింటాను” అన్నాడు.