జిగురు అతుకులు: ఉప్పునీటిలో ఆరేళ్ల తర్వాత

ఉప్పునీటికి త్వరగా చిలుము పట్టకుండా తగరం పూసిన రాగి వైరు సంగతి పడవలున్నవారికి చెప్పనక్కరలేదు కనుక, ఆ వైర్లను కలపడానికి నేను ఆరేళ్లుగా వాడుతున్న, లోపల జిగురుండే హీట్ ష్రింక్ అతుకుల గురించే రాస్తున్నాను. వీటిలో వైరు చివర్లను దూర్చి నొక్కే లోహపు ముక్క ఉంటుంది; దానిపై ఉన్న ప్లాస్టిక్ గొట్టం వేడికి ముడుచుకుంటే, లోపలి జిగురు కరిగి నీరు చొరకుండా మూసేస్తుంది. వీటిని నేను ఎంతో ఇష్టపడుతున్నాను. అందుకు కారణం ఒక వానరాత్రి.

అప్పట్లో బిల్జ్ పంపుకు (పడవ అడుగున చేరే నీటిని తోడేది) మామూలు రాగి వైరును మెలిపెట్టి, టేపు చుట్టి కలిపి ఉంచాను. ఆ రాత్రి పడవ అడుగున నీరు చేరి నీటిమీద తేలుతూ పంపును ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ పైకి లేచినా, పంపు మూలిగిందే తప్ప నీరు తోడలేదు. పంపు ఊడదీసి మీటరు పెడితే 12.6 వోల్టులు ఉన్నాయి; తిరిగి తగిలించి, నడుస్తుండగా చూస్తే 9 కూడా లేవు. టేపు విప్పేసరికి పచ్చటి చిలుము కనిపించింది. ఇన్సులేషన్‌ను జానెడు మేర ఒలిచినా పోగులు నల్లగానే ఉన్నాయి. వత్తిలో నూనె పాకినట్టు పోగుల సందుల్లో నీరు ఎంత లోపలికి పాకుతుందో అప్పుడు కళ్లారా చూశాను.

జిగురు అతుకులు వేసిన మూడేళ్లకు పంపు మార్చవలసి వచ్చినప్పుడు, తరచూ నీటిలో నానిన ఒక అతుకును నిలువునా కోసి చూశాను. పోగులు కొత్త వైరులో ఉన్నట్టే తెల్లగా మెరుస్తున్నాయి. ఇక వీటికి తిరుగులేదని అందరికీ చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. ఐదో ఏట, రాత్రిపూట ఇతర పడవలకు కనిపించేలా వెలిగించే నావిగేషన్ దీపం మసకబారింది. ఈ దీపాలకు వెళ్లే వైరులో వోల్టేజీ నష్టం 3 శాతం, అంటే 12 వోల్టులకు 0.36, దాటకూడదని పడవలకు ప్రమాణాలు రూపొందించే అమెరికా సంస్థ ఏబీవైసీ చెబుతుంది. నా దీపం దగ్గర 1.4 వోల్టులు పోతున్నాయి. తొలిరోజుల్లో మామూలు ప్లయర్‌తో నొక్కిన అతుకు అది. ప్లయర్ పన్ను గుచ్చుకుని ప్లాస్టిక్ గొట్టానికి సూదిమొనంత రంధ్రం పడింది, నీటికి ఆ దారి చాలింది. అప్పటి నుంచి సరిపడా నొక్కేదాకా వదలని రాచెట్ క్రింపర్ అనే పనిముట్టుతోనే నొక్కి, గట్టిగా లాగి చూసి, హీట్ గన్‌తో రెండు చివర్లా జిగురు సన్నని అంచులా ఉబికేదాకా వేడి చేస్తున్నాను.

నాది కొద్దిపాటి వైరింగ్ ఉన్న చిన్న పడవ, ఏడాదంతా ఉప్పునీటిలోనే ఉంటుంది. మంచినీటిలో తిరిగి, పని కాగానే ఒడ్డుకెక్కే పడవకు ఇంత ఖర్చు అవసరం పడకపోవచ్చు. విప్పాలంటే వైరును కోయక తప్పదు, అందుకే పంపు దగ్గర వైరును రెండు జానలు అదనంగా వదులుతున్నాను.