ఎంఎంటీఎస్ రెండో దశ: స్టేషన్లకు 4 మార్కులు, సర్వీసుకు 2

హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కి సనత్‌నగర్ నుంచి మౌలాలి మీదుగా ఘట్‌కేసర్ వెళ్లే కొత్త లైన్ ఎలా ఉందని తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నారు, అటువైపు ఇల్లు కొనాలనుకునేవాళ్లయితే మరీను. విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా. స్టేషన్లకు 5కి 4 ఇస్తాను. సర్వీసుకు 2 ఇవ్వడానికి కూడా మనసు రావడం లేదు. ఆ రెండింటికీ మధ్య ఇంత తేడా ఎందుకుందో తెలియాలంటే డబ్బు ఎవరు పెట్టారో చూడాలి, అది తర్వాత చెబుతాను.

ముందు నాకు బాగా నచ్చింది పేర్లు. ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవి నగర్, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ. ఆటో అతనికి ఎక్కడికెళ్లాలో చెప్పేటప్పుడు మన నోట్లోంచి వచ్చే పేర్లే కదా ఇవన్నీ! స్టేషన్‌కి పేరు పెట్టడమంటే దిగాల్సినవాడికి దారి చెప్పడమే. ఈ నగరంలో ఆ పని పాతకాలం నుంచీ బాగానే జరిగింది. నేచర్ క్యూర్ హాస్పిటల్ అని ఒక స్టేషన్ ఉంది, ఆర్ట్స్ కాలేజీ అని ఇంకోటి, సీతాఫల్‌మండి అని మరోటి. పక్కనున్న ఆసుపత్రి, కాలేజీ, ఒకప్పటి సీతాఫలాల బజారు అలాగే బోర్డు ఎక్కాయి. వాటికి ఎవరూ కమిటీ వేసినట్టు అనిపించదు, జనం పిలిచిందే రాశారనిపిస్తుంది.

ఒక్క హైటెక్ సిటీ స్టేషన్ పేరుతోనే నాకు పేచీ. ఆ పేరు చూసి సైబర్ టవర్స్ ముందు దిగుతామనుకుంటే పొరపాటు, అక్కణ్నుంచి మళ్లీ ఆటోనో బస్సో పట్టుకోవాలి. పైగా అదే పేరుతో మెట్రో స్టేషన్ వేరే చోట ఉంది. కొత్తగా ఊళ్లోకి వచ్చిన పిల్లలు ఇంటర్వ్యూ రోజున ఇలాంటి చోట టెన్షన్ పడతారు. ఈ విషయంలో పాత రైల్వేవాళ్ల పద్ధతి నిజాయితీగా ఉండేది. ఊరు దూరమైతే పేరు చివర 'రోడ్' తగిలించేవారు. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, రాములవారి గుడికి అక్కణ్నుంచి సుమారు 40 కిలోమీటర్లు. శ్రీకాకుళం రోడ్ ఉన్నది ఆమదాలవలసలో. ఆ చిన్న మాటలోనే 'దిగాక ఇంకా ప్రయాణం ఉంది బాబూ' అన్న హెచ్చరిక ఉంది. హైటెక్ సిటీకి కూడా అలాంటి తోక ఒకటి ఉంటే బాగుండేది.

ఇక డబ్బు సంగతి. మొదటి దశ ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది, ఖర్చు రైల్వే సగం, రాష్ట్రం సగం పెట్టుకున్నాయి. రెండో దశ 2012-13లో దాదాపు రూ.816 కోట్ల అంచనాతో మంజూరైంది. ఈసారి లెక్క మారింది, మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. రాష్ట్రం వాటా సమయానికి రావడం లేదని రైల్వే ఎన్నోసార్లు చెప్పింది. పని ఏళ్లకేళ్లు సాగింది, అంచనా వెయ్యి కోట్లు దాటిపోయింది. 2023 ఏప్రిల్ 8న కొన్ని కొత్త సర్వీసులకు జెండా ఊపారు, మౌలాలి–సనత్‌నగర్ మీదుగా రైలు మొదలవడానికి 2024 మార్చి దాకా పట్టింది. మంజూరైన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఈ రైలు ఎక్కే నాటికి కాలేజీకి వచ్చేసింది. ఇద్దరు కలిసి కట్టే ఇల్లు ఒకరు చేయి వెనక్కి తీసుకుంటే ఆగిపోతుంది, ఆ మధ్యలో అద్దె కట్టుకుంటూ ఎదురుచూసేది మనం.

కట్టిన స్టేషన్లను తక్కువ చేయను. ప్లాట్‌ఫారాలు బాగా ఎత్తుగా ఉన్నాయి, పెద్దవాళ్లు ఇబ్బంది పడకుండా ఎక్కగలరు. బోర్డులు పసుపు రంగు మీద నల్లక్షరాలతో, మూడు భాషల్లో స్పష్టంగా ఉన్నాయి. కానీ పగటిపూట వెళ్లి కూర్చుంటే రైలు కోసం ఎదురుచూసే మనిషి కనిపించడు. రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని రైళ్లు నడిపితే ఎవరు వస్తారు? ఒక చిన్న స్టేషన్‌లో (ఎక్కడిదో చెప్పను) నేను వెళ్లేసరికి టికెట్ కిటికీ మూసి ఉంది. బెంచీ మీద పూలబుట్ట పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. "రైలెప్పుడమ్మా?" అంటే, "వస్తే వస్తది బిడ్డా, లేకుంటే బస్సు పోదాం" అంది. బుట్ట మీద తడిబట్ట అప్పటికే సగం ఆరిపోయింది. ఆమె పూలు వాడకముందే మార్కెట్ చేరాలంటే అరగంటకో రైలు కావాలి. స్టేషన్ కట్టడానికి నిధులు అడిగేవాళ్లు ఆ తర్వాత రైళ్లు నడిపే ఖర్చు కూడా అప్పుడే తేల్చుకోవాలి.

డబ్బుకీ పేరుకీ ముడిపెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. బెంగళూరు మెట్రో పసుపు లైన్లో ఇన్ఫోసిస్ ఫౌండేషన్ కోనప్పన అగ్రహార స్టేషన్‌కి, బయోకాన్ ఫౌండేషన్ హెబ్బగోడి స్టేషన్‌కి డబ్బిచ్చాయి, వాటి పేర్లు స్టేషన్ పేర్లతో కలిశాయి. నాకు దీనితో గొడవ లేదు, ఎందుకంటే ఊరి పేరు పోలేదు, కంపెనీ పేరు పక్కన చేరింది అంతే. మన దగ్గర కూడా పార్కింగ్ స్థలమో నీడో కట్టించే కంపెనీ ఉంటే రానివ్వండి. ఊరి పేరు మాత్రం చెరపకూడదు.

చర్లపల్లి రైల్వే స్టేషన్ విషయంలోనూ నా మాట ఇదే. సుమారు రూ.413 కోట్లతో కట్టిన టెర్మినల్, 2025 జనవరి 6న ప్రారంభమైంది, నిజంగా చూడముచ్చటగా ఉంది. ఆ మార్చిలో దానికి పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టాలని ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రతిపాదించారు. పేరు మార్చాలంటే రాష్ట్రం అడగాలి, కేంద్ర హోంశాఖ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే రైల్వే బోర్డులు మారుస్తుంది. ఆయన త్యాగం మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. పెడితే 'పొట్టి శ్రీరాములు చర్లపల్లి' అని పెట్టండి, నెత్తిన పెట్టుకుంటాం. అసలే ఈ స్టేషన్ స్పెల్లింగ్‌తో తంటా ఉంది, ఒకచోట ఛార్లపల్లిలా, ఇంకోచోట చెర్లపల్లిలా కనిపిస్తుంది. మా పిన్ని ఫోన్లో వెతికి వెతికి దొరకలేదని నాకు కాల్ చేసింది. సీహెచ్‌జెడ్ అని కోడ్ కొట్టు పిన్నీ అంటే అప్పుడు వచ్చింది.

యాదాద్రి వరకు ఎంఎంటీఎస్ పొడిగింపు కూడా వాటాల దగ్గరే ఆగి, చివరికి మొత్తం తానే పెట్టుకుంటానని 2023లో రైల్వే ముందుకొచ్చింది. ఆ దారిలో రాయగిరి స్టేషన్‌కి ఇప్పటికే యాదాద్రి అని పేరు మార్చారు. గుడికి వెళ్లేవాళ్లకు మంచిదే, కానీ బోర్డు మీద కింద చిన్న అక్షరాలతోనైనా రాయగిరి అని ఉంచి ఉంటే ఆ ఊరివాళ్లకు సొంత స్టేషన్ మిగిలేది.

ప్రస్తుతానికి ఈ లైన్ వాడదామనుకునేవాళ్లు వెళ్లే రైలు టైమ్ కాదు, తిరుగు రైలు టైమ్ ముందు చూసుకోండి. అది కుదిరితేనే బయల్దేరండి.