పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తెగిపోయే ప్రేమకథలు

ప్రేమ నవలను తూచడానికి ఒక ప్రశ్న చాలు. వీళ్ళిద్దరూ ఒక పది నిమిషాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే కథ అయిపోతుందా? అయిపోయేటట్టయితే ఆ నవల అసలు బరువు ముప్పై పేజీలు, మిగతాదంతా సాగదీత. ఎంత మాట్లాడుకున్నా తెగని చిక్కేదో ఇద్దరి మధ్యా ఉంటే అప్పుడు అది నవల. ఈ మధ్య చదివిన వాటిలో రెండు పాత పేరున్న నవలలు, రెండు మన చిత్తూరు వైపు రచయితలవి, మిగిలినవి ఫోన్‌లో రోజుకో భాగం చొప్పున వచ్చే సీరియళ్ళు. అన్నింటినీ ఈ తక్కెడలోనే వేసి చూస్తే ఫలితం కొన్నిచోట్ల అనుకున్నట్టు రాలేదు.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'తో మొదలుపెడతాను. 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. బామ్మతో కలిసి ఉండే జయంతికి ఉద్యోగం కావాలి. డబ్బున్న రాజశేఖరం దగ్గర సెక్రటరీగా చేరుతుంది. తర్వాత ఏమవుతుందో చదవని వాళ్ళు కూడా చెప్పగలరు. ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన వందలాది నవలలు ఈ అచ్చులోంచే ఊడిపడ్డాయి. ఆరడుగుల నాయకుడు, కారు, మాటల్లో వెటకారం, లోపల వెన్న.

దీంట్లో నడుమ భాగం లాగుతుంది. దానికి కారణం రచయిత్రి చేతకానితనం కాదు, సీరియల్ లెక్క. నెలకోసారి వచ్చే పత్రికలో ప్రతి భాగం చివరా ఒక ముడి పడాలి, వచ్చే నెల మొదటి పేజీలో అది సగం విడాలి, ఆ సగం లోంచే ఇంకో ముడి పుట్టాలి. నెల రోజుల ఎడంతో చదివిన వాళ్ళకు అది ఉత్కంఠ. ఒక్క ఆదివారం కూర్చుని చదివేవాళ్ళకు మాత్రం అపార్థం మీద అపార్థం వచ్చి పడుతున్నట్టు ఉంటుంది. అందుకే ఇలాంటి పుస్తకాన్ని ఏకబిగిన చదవొద్దు. రోజుకు నలభై పేజీల చొప్పున ఆపుకుంటూ పోతే పాత రుచి తెలుస్తుంది.

ఇక పది నిమిషాల పరీక్ష. పైకి చూస్తే 'సెక్రటరీ' తప్పాల్సిందే, నోరు విప్పితే తీరిపోయే గొడవలు చాలా ఉన్నాయి. కానీ జయంతి నోరు విప్పకపోవడానికి ఒక గట్టి కారణం ఉంది. జీతం ఇచ్చేవాడు అతను. జీతం తీసుకునే పిల్ల ముందుగా మనసు బయటపెడితే ఊరు ఏమనుకుంటుందో ఆమెకు తెలుసు. ఆ ఆత్మాభిమానమే నవలకు వెన్నెముక. దాన్ని వదిలేసి కారునూ వెటకారాన్నీ మాత్రమే పట్టుకున్న అనుకరణలు అందుకే నిలబడలేదు. అయితే రాజశేఖరం ఇవాళ అదే తీరులో ఏ ఆఫీసులోనైనా ప్రవర్తిస్తే హెచ్‌ఆర్ వాళ్ళు పిలిపిస్తారు. ఆ ఎరుకతోనే చదవాలి.

యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల'లో అడ్డు మరీ విచిత్రం. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. తానెవరో చెప్పదు, చిక్కుప్రశ్నలు ఇస్తుంది. గడువు లోపల తన ఫోన్ నంబరు అతనే కనిపెట్టాలి. ఇక్కడ మాట్లాడుకోవడానికి లోటేమీ లేదు, వాళ్ళు చేసేదంతా మాట్లాడుకోవడమే. కనిపించకపోవడమే అడ్డు. ఇది కన్నడంలోకి వెళ్ళి 1995లో సునీల్ కుమార్ దేశాయ్ చేతిలో 'బెళదింగళ బాలె' సినిమా అయింది. గొంతు మాత్రమే వినిపించే నాయికతో తెర మీద కూడా కథ నిలబడిందంటే ఆ ఊహ ఎంత గట్టిదో చూడండి.

ఇప్పటి పిల్లలకు ఈ పుస్తకం ఇచ్చే ముందు ఒక మాట చెప్పి ఇవ్వాలి. అప్పుడు ల్యాండ్‌లైన్ మోగితే అవతల ఎవరో తెలిసేది కాదు, నంబరు కావాలంటే డైరెక్టరీ తిరగేయాలి. ఇవాళ ఫోన్ ఎత్తకముందే తెర మీద నంబరు పడిపోతుంది కాబట్టి ఈ కథ మొదటి పేజీలోనే అయిపోతుంది. ఆ సంగతి తెలియకుండా చదివితే 'వీడికింత కష్టం దేనికి?' అనిపిస్తుంది. పజిళ్ళ దగ్గర కంగారుగా పేజీ తిప్పొద్దు. పెన్సిల్ పట్టుకుని మీరూ ప్రయత్నించండి, అక్కడే ఉంది దీని సరదా. ముగింపు గురించి ఏమీ చెప్పను. కొందరికి అది కన్నీళ్ళు, కొందరికి రచయిత చేసిన మోసం. నా వోటు మొదటి దానికి, కొంచెం మొహమాటంగానే.

ఫోన్ సీరియళ్ళ దగ్గరికొస్తే ముందు లెక్క చూద్దాం. ఒక భాగం వెయ్యి మాటలు అనుకుంటే రెండు వందల భాగాల సీరియల్ రెండు లక్షల మాటలు. డెమీ సైజు, అంటే మామూలు నవల సైజు, అచ్చు పుస్తకంలో పేజీకి ముప్పై వరుసలు, వరుసకు ఎనిమిది మాటల చొప్పున సుమారు 240 మాటలు పడతాయి. అంటే ఆ సీరియల్ ఎనిమిది వందల పేజీలు దాటిన పుస్తకం. అందులో కథ ఎంత అని అడిగితే చాలా వాటిలో రెండు వందల పేజీలకు మించదు. మిగతాది నిన్నటి భాగం గుర్తు చేయడం, నాయిక చీర రంగు, నాయకుడి కోపం, అత్తగారి కుట్ర. చిక్కంతా ఎక్కువ భాగాలకే ఎక్కువ రాబడి అనే ఏర్పాటులో ఉంది. అలాంటప్పుడు ఇద్దరినీ పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఏ రచయితకు మనసొస్తుంది? బలవంతపు పెళ్ళి, కోటీశ్వరుడి పగ, ఒప్పందం మీద కాపురం అని పేరు దగ్గరే కనిపిస్తే మొదటి అయిదు భాగాలు, నడుమ రెండు, చివరి అయిదు చదివి చూడండి. కథ అర్థమైపోతే నడుమ ఏమీ లేదన్నమాట.

వాటిలో మంచివి లేవని కాదు. మంచిదాన్ని పట్టుకోవడానికి నేను చూసేది పిలుపు. తెలుగు ప్రేమకథలో 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అవుతుందో అక్కడే సగం కథ ఉంటుంది. ముందు ఎవరు మారారు, అవతలి వాళ్ళు దాన్ని గమనించారా, కోపం వచ్చినప్పుడు మళ్ళీ 'మీరు'కు వెళ్ళిపోయారా? 'మీకు కాఫీ కావాలా?' అని భార్య అన్న ఒక్క ముక్కతో ఇంట్లో రాత్రి పెద్ద గొడవైందని తెలిసిపోవాలి. ఇంగ్లిష్‌లో ఊహించుకుని తెలుగులో రాసేవాళ్ళకు ఈ మెట్టు దొరకదు. వాళ్ళ పాత్రలు మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకే పిలుపుతో ఉంటాయి, లేదా పేజీకోసారి కారణం లేకుండా మారుతుంటాయి.

తిరుపతిలో జరిగినట్టు రాసే సీరియళ్ళకు ఇంకో పరీక్ష పెట్టొచ్చు. నాయికది చంద్రగిరి పక్క పల్లె అంటారు, నోరు తెరిస్తే కృష్ణా జిల్లా వారపత్రిక భాష. మనకాడ 'పోతా ఉండాను', 'చెప్పినాడు' అనే పలుకు ఒక్కటైనా వినబడదు. ప్రతి వాక్యమూ యాసలో ఉండాలని కాదు, అమ్మతో మాట్లాడేటప్పుడైనా రావాలి కదా. కొండ దారి సంగతి సరేసరి. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా నడక. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు, నిటారుగా ఎక్కాలి. జంటను శ్రీవారి మెట్టు మీద నడిపిస్తూ గాలిగోపురం దగ్గర కూర్చోబెట్టారంటే ఆ రచయిత కొండ ఎక్కలేదని తేలిపోతుంది. గాలిగోపురం ఉండేది అలిపిరి దారిలో. శ్రీవారి మెట్టు మీద పేజీలకు పేజీలు తీరిగ్గా కబుర్లు చెప్పించినా నమ్మొద్దు, సగం దారికే ఊపిరి అందదు.

ఇక అసలు పుస్తకం. డాక్టర్ కేశవరెడ్డి 'మునెమ్మ' 2008లో వచ్చింది. రచయితది చిత్తూరు జిల్లా తలుపులపల్లె, బతుకంతా నిజామాబాద్ వైపు కుష్ఠు రోగులకు వైద్యం చేశాడు, 2015లో పోయాడు. దీన్ని ప్రేమ నవలల వరసలో పెడితే కొందరు ముఖం చిట్లిస్తారు. నా మటుకు ఈ పుస్తకాలన్నింటిలో ప్రేమ ఎక్కువున్నది దీంట్లోనే.

మొగుడు ఎద్దును అమ్మడానికి తోలుకుపోతాడు. ఎద్దు ఒక్కటే తిరిగొస్తుంది. మునెమ్మ మరిది వరసయ్యే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని, ఆ ఎద్దుతోనే, మొగుడు పోయిన దారి పట్టుకుని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఇక్కడ పది నిమిషాలు మాట్లాడుకోవడానికి అవతల మనిషే లేడు. నవల సాగేది ఆ ఖాళీలోనే. 'నిన్ను ప్రేమిస్తున్నాను' లాంటి మాటకు చోటు లేదు, అవసరమూ లేదు. ఆమె నడక చూస్తే చాలు. మనుషులకూ గొడ్డుకూ మధ్య ఉండే బంధాన్ని కేశవరెడ్డి ఎంత దగ్గరగా రాశాడంటే మొదటి భాగంలో కొన్ని చోట్ల చదివేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది. పుస్తకం వచ్చినప్పుడు గొడవ జరిగింది కూడా ఆ చోట్ల మీదే. అక్కడ ఆపేయొద్దు. ఆ ఇబ్బంది లేకుండా తర్వాతి ప్రయాణానికి బలం రాదు.

సన్నటి పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. పల్లె మాట అలవాటు లేని వాళ్ళకు మొదటి పదిహేను పేజీలు తడబాటుగా ఉంటాయి. పైకి గట్టిగా చదివితే చెవికి పట్టేస్తుంది, ఆ తర్వాత అడ్డు ఉండదు. తప్పు పట్టాలంటే ముగింపు దగ్గర ఒకటి ఉంది. దారి పొడుగునా నిదానంగా, నమ్మకంగా నడిచిన కథ చివర్లో పురాణంలోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. అది నచ్చేవాళ్ళకు నచ్చుతుంది. నాకు మాత్రం మట్టి మీదే ఆగి ఉంటే బాగుండేదనిపించింది.

మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం' గురించి క్లుప్తంగా. దేవదాసీ కుటుంబాల నుంచి వచ్చిన సంగీత విద్వాంసురాళ్ళ బతుకుల మీద రాసిన పెద్ద నవల, 2022 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దీనికే. నాన్న రాజారాం 1993లో కథలకు అందుకున్న పురస్కారం కొడుక్కీ వచ్చిందన్నమాట. ప్రేమ ఉంది గానీ దాన్ని పట్టుకుని చదివితే దారి తప్పుతారు. పాత్రల పేర్లు, వావివరసలు ఒక కాగితం మీద రాసుకుంటూ చదవండి. యాభై పేజీల తర్వాత వెనక్కి తిప్పే పని తప్పుతుంది. కర్ణాటక సంగీతం బొత్తిగా తెలియకపోయినా ఫరవాలేదు, పేరులోని 'మనోధర్మం' అంటే పాడేవాళ్ళు అక్కడికక్కడ తమ ఊహతో పెంచే సంగీతం అని తెలిస్తే చాలు.

చదివే చోటు కూడా చూసుకోండి. తిరుపతి నుంచి పూతలపట్టు మీదుగా చిత్తూరుకు బస్సులో దగ్గర దగ్గర రెండు గంటలు. గంటకు ముప్పై పేజీల లెక్కన 'సెక్రటరీ'కి రెండు మూడు సార్లు పోయి రావాలి. 'మునెమ్మ'ను బస్సులో చదవొద్దు, దిగాల్సిన చోటు దాటిపోతుంది. నరేంద్ర పుస్తకానికి బల్ల, కుర్చీ కావాలి.

పాత ప్రతులు కొనేవాళ్ళు ధర కంటే ముందు ఫారాలు చూడాలి. తెలుగు పుస్తకాలు ఎక్కువగా పదహారు పేజీల ఫారాలుగా, అంటే ఒక పెద్ద కాగితాన్ని మడిచిన కట్టలుగా అచ్చవుతాయి. ఫారం మొదటి పేజీ అడుగున చాలా వాటిలో చిన్న అంకె వేసి ఉంటుంది. ఆ అంకెలు వరసగా ఉన్నాయా అని ఒక్క నిమిషం తిప్పి చూస్తే చాలు. అంకెలు లేకపోతే పేజీ సంఖ్యలు 17, 33, 49, 65 దగ్గర ఆగి చూడండి. గ్రంథాలయంలోంచి బయటికొచ్చిన ప్రతులకు గట్టి అట్ట ఉంటుంది గానీ మళ్ళీ కుట్టేటప్పుడు లోపలి అంచు తినేస్తారు, వరుస చివరి మాట మడతలోకి పోతుంది. మధ్యలో తెరిచి ఆ మాట కనిపిస్తేనే తీసుకోండి. కొత్త వాటికి జిగురు బైండింగు. మన మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి మరిచిపోతే జిగురు మెత్తబడి, చల్లారాక పెళుసెక్కి, వెన్ను దగ్గర పగులుతుంది. పగిలిన పుస్తకంలో ముందు ఊడేది అట్టను ఆనుకుని ఉన్న కాగితాలు, అంటే మొదటి ఫారం, చివరి ఫారం. అద్దె పుస్తకమైనా, పాత పుస్తకమైనా డబ్బులు ఇవ్వకముందే ఆఖరి పదహారు పేజీలు ఉన్నాయో లేదో లెక్క పెట్టుకోండి, జయంతి ఏం చెప్పిందో ఉండేది వాటిలోనే.