తవాంగ్ ట్రిప్‌కి తోడు: ఊరి నుంచే గ్రూపా, ప్యాకేజీయా, అక్కడ దొరికేవాళ్లా? ఏది మేలు?

అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ వెళ్దామనుకున్న మనవాళ్లలో చాలామంది నెలల తరబడి వాయిదా వేయడానికి అసలు కారణం డబ్బు కాదు, తోడు దొరక్కపోవడం. పర్మిట్ కావాల్సిన ప్రాంతం కదా, ఒంటరిగా వెళ్తే రానివ్వరేమో అన్న భయం ఒకటి. ఒక్కడికే బండి మాట్లాడుకుంటే తడిసి మోపెడవుతుందన్న లెక్క ఇంకొకటి. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. వీటిని కలిపి ఆలోచించడం వల్లే, ఎవరో ఒకరు దొరికితే చాలని ముక్కూమొహం తెలియనివాళ్లతో వారం రోజులకి ఒప్పేసుకుంటున్నారు.

ముందు పర్మిట్ సంగతి. అరుణాచల్ ప్రదేశ్‌కి మనం తీసుకోవాల్సింది ఇన్నర్ లైన్ పర్మిట్, అందరూ ఐఎల్‌పీ అంటారు. 1873లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్ దీనికి మూలం. భారతీయులు ఒక్కరే అయినా ఇస్తారు, ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు, తోడు ఉండాలన్న షరతు లేదు. ఆ షరతు ఉన్నది విదేశీ పాస్‌పోర్టు వాళ్లకి. వాళ్లు రిజిస్టర్డ్ ట్రావెల్ ఏజెంటు ద్వారా ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ తీసుకోవాలి, మామూలుగా కనీసం ఇద్దరు ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న తమ్ముడో వదినో మీతో వస్తానంటే ఇది గుర్తుపెట్టుకోండి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇచ్చేది) ఉన్నా ఆ పర్మిట్ తప్పదు. ఉత్తర సిక్కిం కథ వేరు. లాచెన్, లాచుంగ్ వైపు మనవాళ్లు వెళ్లడం కూడా గ్యాంగ్‌టక్ ఏజెన్సీల ద్వారానే కాబట్టి, షేరింగ్ సీటు తీసుకుంటే పక్కన ఎవరు కూర్చోవాలో ఏజెన్సీయే తేలుస్తుంది, మీరు వెతికేదేమీ ఉండదు. తవాంగ్‌లో మాత్రం ఆ నిర్ణయం పూర్తిగా మీదే, అందుకే ఇంత చర్చ.

మొదటి దారి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండగానే ఐదారుగురిని కూడగట్టి గువాహటి నుంచి బండి మాట్లాడుకోవడం. కాగితం మీద ఇదే చవక. రోజుకి ఐదు వేల చొప్పున ఆరు రోజులకి బండి మాట్లాడారనుకోండి, ముప్ఫై వేలు, ఆరుగురికి తలా ఐదు వేలు. చివరి వారంలో ఇద్దరు జారుకుంటే అదే బండికి మిగిలిన నలుగురూ తలా ఏడున్నర వేలు కట్టాలి. జారుకోవడం అరుదేం కాదు. ఒకరికి లీవు దొరకదు, ఒకరింట్లో పెళ్లి చూపులు పడతాయి. సోషల్ మీడియాలో పరిచయమైనవాళ్లైతే ఫోన్ ఎత్తడం మానేస్తే సరి. చాలామందికి తెలియని ఇంకో విషయం ఉంది. గువాహటి నుంచి తెచ్చుకున్న అస్సాం టాక్సీ తవాంగ్ దాకానే పనికొస్తుంది, అక్కడి నుంచి చైనా సరిహద్దులోని బుమ్‌లా వెళ్లాలంటే మళ్లీ తవాంగ్ లోకల్ బండి మాట్లాడుకోవాల్సిందే. ఆ రోజు మీ టాక్సీ హోటల్ ముందు ఊరికే నిలబడి ఉంటుంది, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది.

అయినా ఈ పద్ధతిని నేను కొట్టిపారేయను. దీనివల్ల ఒక పెద్ద సుఖం ఉంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. దారిలో వచ్చే సేలా పాస్ (కనుమ) 13,700 అడుగుల ఎత్తు, పైన సరస్సు. 2024 మార్చిలో సేలా సొరంగం ప్రారంభమయ్యాక తొందరలో ఉన్న బళ్లు కింద నుంచే దూసుకుపోతున్నాయి, సొంత బండి అయితే పాత రోడ్డు మీదుగా పైకి పోనిమ్మని చెప్పొచ్చు. 1962 యుద్ధంలో ప్రాణాలిచ్చిన జస్వంత్ సింగ్ రావత్ స్మారకం జస్వంత్‌గఢ్‌లో ఉంది, అక్కడ సైనికులు దారిన పోయేవాళ్లకి టీ ఇస్తారు. అలాంటి చోట గంట సేపు నిలబడాలనిపిస్తుంది, పది నిమిషాల్లో హారన్ కొడితే మనసొప్పదు. అమ్మానాన్నలు, చిన్నపిల్లలు ఉంటే ఇంక ఆలోచించొద్దు, ఇదే మేలు.

రెండో దారి ప్యాకేజీ. తేదీ, రేటు, సీటు అన్నీ ముందే ఖాయం. టెన్షన్ తక్కువ, నిజమే. కానీ రోజువారీ కార్యక్రమం చూడండి, కొన్నిటిలో పొద్దున బయల్దేరితే రాత్రికి తవాంగ్‌లో దించేస్తారు. దారి మొదలయ్యే అస్సాంలోని తేజ్‌పూర్ దాదాపు మైదానం, తవాంగ్ పది వేల అడుగులు, మధ్యలో పదమూడు వేలు దాటాలి. ఒంటికి అలవాటయ్యే టైమే ఇవ్వరు. మా దగ్గరి బంధువు ఒకామె ఇలాగే వెళ్లింది. తలనొప్పి, వాంతులు, ఒకరోజు ఆగుదామంటే మిగతావాళ్ల ప్రోగ్రాం పాడవుతుందని ఆగలేదు. డబ్బు పోతే పోయింది, ఒంట్లో బాగాలేనప్పుడు ఆగే హక్కు కూడా లేకపోతే అదేం ప్రయాణం అని నాకు ఇప్పటికీ కోపం.

మూడోది, నేను గట్టిగా చెప్పేది: దారికి తోడు వెతక్కండి, బుమ్‌లా రోజుకి మాత్రం వెతకండి.

దారికి షేర్ సుమోలు ఉన్నాయి. తేజ్‌పూర్ నుంచి తవాంగ్‌కి తెల్లవారుజామునే బయల్దేరతాయి, ముందు డ్రైవర్ పక్కన ఇద్దరు, మధ్యలో నలుగురు, వెనక నలుగురు. ముందురోజు సాయంత్రమే కౌంటర్‌కి వెళ్లి సీటు చూసుకోవాలి, వెనక సీటు మాత్రం వద్దు, ఆ మలుపుల్లో నడుము, కడుపు రెండూ పోతాయి. నా సలహా, ఒకేసారి తవాంగ్ దాకా కాకుండా బొమ్‌డిలాకి టికెట్ తీసుకోండి. ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న ఊరు, రాత్రి అక్కడ పడుకుంటే ఒంటికి మంచిది, మర్నాడు అక్కడి కౌంటర్ నుంచి తవాంగ్ సుమో దొరుకుతుంది. దిరాంగ్ ఇంకా అందమైన ఊరే గానీ, మధ్యలో ఎక్కుదామంటే వచ్చే బళ్లన్నీ నిండే వస్తాయి. అరుణాచల్‌లోకి అడుగుపెట్టే భాలుక్‌పాంగ్ చెక్ గేటు దగ్గర ఐఎల్‌పీ ప్రింటు, ఐడీ చేతిలో ఉంచుకోండి. ఒంటరిగా ఉన్నారని అక్కడ ఎవరూ ఆపరు. భాష భయం కూడా అక్కర్లేదు, అరుణాచల్‌లో తెగతెగకీ ఓ భాష, అందుకే వాళ్లలో వాళ్లే హిందీలో మాట్లాడుకుంటారు, మన వచ్చీరాని హిందీతో హాయిగా నెట్టుకురావచ్చు. సుమోలో పక్కన కూర్చునేది సెలవుకి ఇంటికెళ్లే స్టూడెంటో, డ్యూటీకి తిరిగొచ్చే జవానో, సంచులతో మోన్పా (తవాంగ్ వైపు ఉండే తెగ) అవ్వో అయి ఉంటుంది. ఎక్కడ తినాలి, ఏ రోడ్డు విరిగింది అన్నది గ్రూపులో ఉన్నవాళ్ల కంటే వీళ్లకే బాగా తెలుసు.

ఇక బుమ్‌లా. తవాంగ్ నుంచి 37 కిలోమీటర్లు, పదిహేను వేల అడుగుల పైన, చైనా సరిహద్దు. మామూలు ఐఎల్‌పీ అక్కడ చెల్లదు, తవాంగ్ డీసీ (మన కలెక్టర్ లాంటి అధికారి) ఆఫీసు నుంచి వేరే పర్మిట్ తీసుకోవాలి. ముందురోజే హోటల్ వాళ్లో డ్రైవరో ఐడీ జిరాక్సులు తీసుకుని ఆ పని చేయిస్తారు. బండి అద్దె ఐదు వేల పైమాటే, ఒక్కరు కూర్చున్నా ఆరుగురు కూర్చున్నా అంతే. తోడు నిజంగా కావాల్సింది ఇక్కడ, ఈ ఒక్క రోజుకి. అది ఊళ్లో దిగిన సాయంత్రమే దొరుకుతుంది. హోటల్ రిసెప్షన్‌లో చెప్పి ఉంచండి, సుమో కౌంటర్‌లో అడగండి, మీతో సుమో దిగినవాళ్లలో బ్యాగు తగిలించుకున్నవాళ్లు ఉంటే నేరుగా పలకరించండి. బెంగాల్, అస్సాం నుంచి ఇద్దరేసి, ముగ్గురేసి వచ్చేవాళ్లు ఎక్కువ, బండిలో ఖాళీ సీటు వాళ్లకీ భారమే. ఇలాంటి పరిచయంలో మొహమాటం ఉండదు, ఒక్క రోజు కలిసి తిరిగి ఎవరి దారిన వాళ్లు పోతారు. తవాంగ్‌లో కనీసం రెండు పూర్తి రోజులు పెట్టుకుంటే, మొదటి రోజు ఎవరూ దొరకకపోయినా 1680ల నాటి మఠం, వార్ మెమోరియల్ నడిచి చూసుకోవచ్చు, ఎత్తుకి ఒళ్లూ అలవాటవుతుంది.

ఒప్పుకునే ముందు కొన్ని మాటలు తేల్చుకోండి, మొహమాటపడొద్దు. అద్దె తలకింతా, బండికింతా? బుమ్‌లాతో పాటు భూకంపంలో ఏర్పడిన సంగెత్సర్ సరస్సు కూడా ఉందా? పొద్దున ఒకరు రాకపోతే ఆ వాటా ఎవరిది? మంచు పడి దారి మూస్తే డ్రైవర్‌కి ఎంత ఇవ్వాలి? ఎవరికైనా ఊపిరి ఆడకపోతే అందరూ వెనక్కి తిరుగుతారా? చివరి ప్రశ్నకి నసిగేవాళ్లతో వెళ్లొద్దు, సీటు ఎంత చవకైనా సరే.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు నన్ను అడిగితే ఇదే పద్ధతి చెప్తాను, ఒక్క మార్పుతో. ఊరి నుంచి తెలిసిన స్నేహితురాలు ఒక్కరు తోడుంటే చాలు, ఆరుగురు అక్కర్లేదు. ఇద్దరుంటే గది ఖర్చు సగమవుతుంది, సుమోలో రెండు సీట్లు పక్కపక్కన దొరుకుతాయి, బుమ్‌లాకి మిగతా నలుగురిని అక్కడ చూసుకోవచ్చు, వీలైతే కుటుంబంతో వచ్చినవాళ్లని.

డిసెంబర్ నుంచి మార్చి మధ్య వెళ్లేవాళ్లకి మాత్రం ఈ లెక్క మారుతుంది. మంచుకి సుమోలు తగ్గుతాయి, టూరిస్టులు పలచబడతారు, బుమ్‌లా మూతపడే రోజులూ ఎక్కువే. అప్పుడైతే ముందే ముగ్గురు నలుగురు కుదుర్చుకుని రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోండి. ఏ కాలమైనా తవాంగ్‌లో దిగిన రోజే తిరుగు సుమోకి సీటు రాయించేయండి, పూర్తి రోజులు రెండు వదిలి.