బుల్లోడి పులి వేషం: గంటస్తంభం దగ్గర కుట్టించిన పండగ చొక్కా

విజయనగరంలో కుక్కకి పండగ బట్టలు కావాలనుకునేవాళ్లకి నా మాట ముందే చెప్పేస్తాను. ఆన్‌లైన్లో దొరికే జరీ షేర్వాణీల జోలికి పోకండి. గంటస్తంభం దగ్గర సందుల్లో చిన్నపిల్లల గౌన్లు, జాకెట్లు కుట్టే దర్జీ దగ్గరికి సన్నటి నూలు గుడ్డ, సరైన కొలతలు పట్టుకెళ్లండి. తక్కువ డబ్బుకి, కుక్కకి హాయిగా ఉండే బట్ట తయారవుతుంది. మా కుక్క బుల్లోడికి దసరాకి అలాగే పులి వేషం కుట్టించాం. పూర్తి మార్కులు ఇస్తున్నాను. ఒక్క విషయంలో మాత్రం దర్జీతో నాకు పేచీ వచ్చింది, అదీ చెప్తాను.

బుల్లోడు నాటు కుక్క. బొబ్బిలిలో మా అత్తగారింటి వీధిలో పుట్టాడు. గోధుమరంగు ఒళ్లు, నల్ల మూతి. బొబ్బిలి వాడికి పులి వేషం కాక ఇంకేం వేస్తాం? పైగా ఆ రంగు ఒంటికి నల్ల చారలు చాలు, సగం వేషం పుట్టుకతోనే వచ్చేసింది.

దానికంటే ముందు మా మరిది హైదరాబాదు నుంచి ఒక రెడీమేడ్ షేర్వాణీ పంపించాడు. ఎర్ర పాలిస్టర్, లోపల స్పాంజి లైనింగు, మెడ చుట్టూ ఎలాస్టిక్, ఛాతీ మీద అద్దాలు, పూసలు. ఫోటోలో చూడ్డానికి ఎంతో ముద్దుగా ఉంది. బుల్లోడికి తొడిగితే ఛాతీ దగ్గర బిగుసుకుంది, నడుం దగ్గర వేలాడింది. ఇది మా వాడొక్కడి సంగతి కాదు. మన నాటు కుక్కలకి ఛాతీ లోతుగా, నడుం సన్నగా ఉంటుంది. ఈ బట్టలేమో పగ్, షిట్జూ, లాబ్రడార్ లాంటి వాటి ఒళ్లు చూసి కత్తిరిస్తారు. సైజు పెంచితే నడుం దగ్గర ఇంకా జారిపోతుంది, తగ్గిస్తే ఊపిరాడదు. పూసలైతే తొడిగిన కాసేపటికే కొరకడం మొదలెట్టాడు. ఊడిన పూస కడుపులోకి పోయి పేగుకి అడ్డం పడితే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. అందుకే వెంటనే తీసేశాను.

అసలు గుడ్డ విషయంలో నేనింత పట్టుబట్టడానికి కారణముంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొంచెం పడుతుందంతే. వేడి తగ్గించుకోవాలంటే నోరు తెరిచి రొప్పడమే దానికి ప్రధానమైన దారి. దాని ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. దసరా రోజుల్లో మన జిల్లాలో ఉక్క ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉక్కలో స్పాంజి, పాలిస్టర్ కట్టడం న్యాయం కాదు. మూతికి కట్టే గడ్డాలు, మాస్కులు అసలే వద్దు, నోరు తెరవకుండా అది రొప్పలేదు.

మా ఇంట్లో తాతగారి పొందూరు ఖద్దరు పంచె ఒకటి ఉంది. ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వి, చేత్తో వడికే నూలు కదా, ఒంటి మీద ఉన్నట్టే తెలీదు, గాలి ఆడుతుంది. అంచు దగ్గర చిరిగిన ముక్కని బుల్లోడి చొక్కాకి ఇచ్చేసింది మా అత్తగారు. "ఆయనకీ కుక్కలంటే పేనం, ఏటనుకోడు" అంది. దాన్ని పసుపులో ముంచి ఆరేశాం, లేత పసుపు రంగు తేలింది. చారలకి నల్ల పాప్లిన్ కొన్నాను. నల్ల గుడ్డని ఉప్పు నీళ్లలో నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా జాడించాకే కుట్టడానికి ఇవ్వాలి. కుక్క తన ఒంటి మీదున్న బట్టని నాకుతుంది కాబట్టి ఇది మానకండి. పులి వేషగాళ్లలా ఒంటికే రంగు పూద్దామని మా అబ్బాయి అడిగాడు కానీ, అదే కారణంతో నేను ఒప్పుకోలేదు.

దర్జీ బాబాయి మొదట వింతగా చూశాడు. "ఏటి తల్లీ, కుక్కకా?" అన్నాడు. అవునన్నాను. "కొలతలియ్యి మరి, కుట్టెత్తాను" అని టేపు నా చేతికే ఇచ్చాడు. కొలవాల్సినవి మూడే. మెడ చుట్టూ, ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ, మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా వీపు పొడవు. వీటిలో ఛాతీ కొలతే ముఖ్యం. కుక్క నిలబడి ఉండగానే కొలవాలి, కూర్చుంటే లెక్క మారిపోతుంది. బట్టకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి.

నేను చెప్పకుండానే బాబాయి చేసిన పని ఒకటి నాకు బాగా నచ్చింది. చంకల దగ్గర గుడ్డ బాగా లోపలికి కత్తిరించాడు. "సంకల కాడ ఒదులు ఒగ్గీసినాను తల్లీ, పరిగెట్టాలి గదా అది" అన్నాడు. రెడీమేడ్ బట్టల్లో ఒరుసుకుని వెంట్రుకలు రాలేది సరిగ్గా అక్కడే. పొట్ట కింద వెనక భాగం కూడా తెరిచి ఉంచాడు, మగ కుక్క కాలెత్తితే బట్ట తడవదు. తోక పూర్తిగా బయటే. తోక ఆడకపోతే దాని మనసులో మాట మనకెలా తెలుస్తుంది?

పేచీ వచ్చింది మువ్వల దగ్గర. పులికి మెడలో మువ్వలుంటేనే అందమని బాబాయి పట్టు. కీచుగా ఉండే శబ్దాలు మన చెవికి మహా అయితే 20 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తాయి, కుక్కకి 45 వేల దాకా వినిపిస్తాయి. చెవి కిందే రోజంతా మోగితే దానికెంత చిరాకు! వద్దన్నాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ కుట్టలేదు. వీపు మీద వెల్క్రో బదులు టిచ్ బటన్లు వేశాడు. వెల్క్రో చప్పుడుకి కుక్క ఉలిక్కిపడుతుంది, వెంట్రుకలూ అందులో ఇరుక్కుంటాయి. అందుకే ఈ మార్పు నాకు సంతోషం. టిచ్ బటన్లు మాత్రం గట్టిగా లాగి చూసుకోండి, మా దాంట్లో ఒకటి వదులుగా ఉంటే మళ్లీ కుట్టించాను. కుట్టుకూలి 150 రూపాయలు, నల్ల గుడ్డ 60. షేర్వాణీ ధర 649.

తెచ్చిన రోజే తొడిగెయ్యలేదు. ముందు బుల్లోడి పరుపు పక్కన పడేశాం, వాసన చూసుకున్నాడు. తర్వాత వీపు మీద కప్పి, ఉడికించిన కోడిగుడ్డు ముక్క పెట్టి, తీసేశాం. ఆ తర్వాతే బటన్లు పెట్టాం. చాలామంది ఒక సంగతి గమనించరు. బట్ట తొడగ్గానే కుక్క కదలకుండా నిలబడిపోతే "ఎంత బుద్ధిగా ఉందో" అని ఫోటోలు తీస్తారు. అది బుద్ధి కాదు, బెదురు. పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక ముడవడం కూడా అంతే. షేర్వాణీ వేసినప్పుడు బుల్లోడు ఇవన్నీ చేశాడు. పులి చొక్కాలో డాబా అంతా పరిగెత్తి, మా అబ్బాయి చెప్పు ఎత్తుకుపోయాడు. నా దృష్టిలో బట్టకి అసలు పరీక్ష అదే.

ఎండ తగ్గాక డాబా మీద కాసేపు వేసి, ఫోటోలు అయ్యాక తీసేశాం. బట్ట వేసినంతసేపూ ఎవరో ఒకరు పక్కనే ఉన్నాం. విజయదశమి తర్వాత మంగళవారం సిరిమాను జాతర నాడు మాత్రం బుల్లోడికి వేషమూ లేదు, వీధిలోకి వెళ్లడమూ లేదు. పైడితల్లమ్మ దగ్గరికి లక్షల మంది వచ్చే రోజు అది, ఆ డప్పుల మధ్యకి కుక్కని తీసుకెళ్లడం దయలేని పని. ఎవరైనా వేషం వేసి తిప్పుతుంటే దయచేసి ఇంటికి తీసుకెళ్లమని చెప్పండి. దీపావళికి అయితే ఏ బట్టా వద్దు. నిప్పురవ్వ పడితే పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, నూలు అయితే మండుతుంది. ఆ రాత్రి తలుపులేసిన గదిలో ఫ్యాను కింద మనతో ఉండనివ్వండి.

సంక్రాంతి పొద్దుల్లో చలి ఉంటుంది కాబట్టి అప్పటికి కాస్త మందం గుడ్డతో ఇదే కొలతలకి ఇంకొకటి కుట్టిస్తున్నాను, గంగిరెద్దు బట్టలా రంగురంగుల అతుకులతో. భోగి మంట దరికి మాత్రం వేసుకెళ్లం. కుట్టించుకోవాలనుకునేవాళ్లు దసరాకి నెల ముందే వెళ్లండి, పండగ దగ్గరపడితే జాకెట్ల పనితో బాబాయికి ఊపిరి సలపదు. కుక్కని కొట్టుకి తీసుకెళ్లకండి, సందు ఇరుకు, బళ్ల రద్దీ ఎక్కువ. కొలతలు కాగితం మీద రాసి పట్టుకెళ్తే చాలు.