లేక్ ఫోర్క్‌లో క్రాపీ వేట: నాలుగు ట్రిప్పులు, నాలుగు సైజులు

డాలస్‌లో ఉండే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న, లేక్ ఫోర్క్ వెళ్తే పెద్ద క్రాపీలు పడతాయా అని. ఏ ఏడాది వెళ్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది. వరసగా నాలుగేళ్లు వెళ్లాను, ఒక్క ఏడాది సైజు ఇంకో ఏడాది చూడలేదు.

క్రాపీ తెలియనివాళ్లకి ఒక మాట. మన చందువాలాగా పలచగా, వెడల్పుగా, వెండి రంగు మీద నల్ల మచ్చలతో ఉండే మంచినీటి చేప. మూతి చర్మం చాలా పలచన, గట్టిగా లాగితే చిరిగి గాలం ఊడిపోతుంది, కొత్తవాళ్లు సగం చేపల్ని అలాగే పోగొట్టుకుంటారు. లేక్ ఫోర్క్ డాలస్ నుంచి తూర్పుగా గంటన్నర, కొంచెం అటూ ఇటూ డ్రైవ్. 1980లో సబైన్ నదిలో కలిసే ఒక వాగు మీద కట్ట వేసి ఈ రిజర్వాయర్ చేశారు, దాదాపు 27 వేల ఎకరాలు. మునిగిపోయిన చెట్ల మోడులు ఇప్పటికీ నీళ్లలో నిలబడే ఉంటాయి, క్రాపీలు వాటినీ వంతెనల స్తంభాలనూ అంటిపెట్టుకుని ఉంటాయి. ఈ లేక్ పేరు మోగింది మాత్రం బాస్ చేపలతో. టెక్సస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992లో ఇక్కడే పడింది. అందుకే ఇక్కడి మోటళ్లు, బోటు రేవులు ఎక్కువగా బాస్ వాళ్ల కోసమే నడుస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో ఏదైనా టోర్నమెంట్ ఉన్న శని ఆదివారాల్లో రూము దొరకదు.

మొదటిసారి మార్చిలో వెళ్లాం, నేనూ నా రూమ్మేటూ, బోటు లేకుండా. 154 హైవే వంతెన దగ్గర గట్టు మీద నుంచే వేశాం. రోజంతా కలిపి తొమ్మిది పడ్డాయి, కానీ అన్నీ 12, 13 అంగుళాలవే. మరుసటేడు అదే నెలలో, అదే చోట, గంటలోనే బకెట్ నిండేంత పడ్డాయి, కొలిస్తే దాదాపు అన్నీ 8, 9 అంగుళాలు. ఇక్కడ 10 అంగుళాల లోపు చేపను వదిలేయాలి. అరవై దాకా పడితే ఇంటికి తెచ్చుకున్నది ఏడు. లేక్ పాడైపోయిందని ఆ రోజు చాలా బాధపడ్డాను. అది తప్పు అంచనా.

తర్వాత కొంత చదివి, కొంత అడిగి తెలుసుకున్నాను. వసంతంలో నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక క్రాపీలు లోతు తక్కువ ఉన్న చోటికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ సమయంలో నీళ్లు పెరిగి గట్టు మీది తుప్పలు మునిగితే పిల్లలకి దాక్కునే చోటు, తిండి దొరుకుతాయి, చాలా బతుకుతాయి. నీళ్లు సరిగా లేని ఏడాది పుట్టిన బ్యాచ్ పలచగా ఉంటుంది. పది అంగుళాలు కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంటే పడేవన్నీ చిన్నవే అయిన ఏడాది, వెనక పెద్ద బ్యాచ్ ఎదుగుతోందని అర్థం. మరీ ఎక్కువైతే తిండి చాలక ఎదుగుదల మందగిస్తుంది కూడా. ఈ మాట నాన్నగారికి చెబితే ఆయన అసలు ఆశ్చర్యపోలేదు, కొల్లేటి పక్కన పెరిగిన మనిషి, "ఏ ఏడు నీళ్లు నిండితే ఆ ఏడు పిల్ల నిలబడుద్ది, అంతేగా" అన్నారు.

మూడోసారి జనవరిలో వెళ్లాం, గైడ్‌ని పెట్టుకుని. ఇది తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి: మేము వెళ్లినప్పటి రూలు ప్రకారం ఈ లేక్‌లో డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా కనీస సైజు లేదు, కానీ పడిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాలి, తలకి 25 అయ్యాక ఆపేయాలి. చలికాలంలో అవి బాగా లోతులో ఉంటాయి, అక్కడి నుంచి ఒక్కసారిగా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి, వదిలినా చచ్చిపోతాయి. అందుకని ఆ రూలు. ఎక్కువగా 10 అంగుళాలవే పడ్డాయి, కొన్ని ఏడు అంగుళాలవి కూడా తెచ్చుకోక తప్పలేదు. పెద్ద చేప కోసం ఏరుకోవాలనుకుంటే చలికాలంలో వెళ్లకండి. రూల్స్ సెప్టెంబర్ 1కి మారే వీలుంది, వెళ్లేముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల సైట్ చూసుకోండి.

గైడ్ల విషయం వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బంతా పోయేది అక్కడే. చిన్న చేపల ఏడాది ఒకాయనకి ఫోన్ చేస్తే పాత ఫొటోలు పంపించాడు, అన్నీ 14 అంగుళాల చేపలే, ఎప్పటివి అంటే మాట దాటేశాడు. వద్దనుకున్నాం. జనవరిలో మేము పెట్టుకున్నాయన అడక్కుండానే, "ఈ ఏడాది సంఖ్య బాగుంటుంది, సైజు వచ్చే ఏడాదికి" అని చెప్పాడు. ముగ్గురికి సగం రోజుకి 450 డాలర్లు తీసుకున్నాడు, గాలాలు, ఎర, చేప కోసివ్వడం అన్నీ అందులోనే. సోనార్ తెర మీద మోడు చుట్టూ నిలబడ్డ చేపలు కనిపిస్తుంటే, ఎరని వాటికి కాస్త పైన ఆపమన్నాడు, క్రాపీ పైకి చూసి తింటుంది కానీ కిందికి దిగదట. ఆ ఒక్క మాట తెలియక రెండేళ్లు ఎరని అడుగుకి దించాను. నా లెక్కలో ఆ 450 దండగ కాదు. ఫోన్ చేసినప్పుడు "పోయిన వారం ఎంత సైజు పడ్డాయి?" అని సూటిగా అడగండి, జవాబు సూటిగా రాకపోతే వదిలేయండి.

బసల్లో మొదటిది ఎమరీ వైపు రోడ్డు పక్క మోటల్. చెమ్మ వాసన, రాత్రంతా ఏసీ మోత, చేప కడగడానికి చోటు లేదు, ఐస్‌పెట్టెతోనే ఇంటికి తెచ్చుకున్నాం. తర్వాతి రెండుసార్లు లేక్ ఒడ్డున క్యాబిన్, రాత్రికి 140. గదిలో పెద్ద హంగులేమీ లేవు గానీ బయట చేపలు కోసుకునే బల్ల, దాని మీద లైటు, నీళ్ల పైపు, లోపల ఫ్రీజర్. చేపల కోసమే వెళ్తుంటే ఈ నాలుగూ ఉన్నచోటే దిగండి. టైలర్‌లో మంచి హోటళ్లు ఉన్నాయి గానీ తెల్లారకముందే దాదాపు గంట డ్రైవ్ చేయాలి, పిల్లలతో అది కష్టం. ఎర కొట్లో బతికున్న చిన్న చేపల్ని సంచిలో వేశాక ఒకసారి పైకెత్తి చూడండి, ఒక చోట మాకు సగం చచ్చినవి కట్టిచ్చారు.

నాలుగోసారి, ఈ మార్చిలో, నాన్నగారిని తీసుకెళ్లాను. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి టెక్సస్ బయటివాళ్లకిచ్చే చేపల వేట లైసెన్స్ కావాలి, ఒక్కరోజుది 16 డాలర్లు పెట్టి కొన్నాను. ఆరు నెలలు దాటి టెక్సస్‌లో ఉంటున్నవాళ్లకి మంచినీటి చేపల లైసెన్స్ ప్యాకేజీ 30 డాలర్లు, ఎప్పుడు కొన్నా ఆగస్ట్ 31కి అయిపోతుంది. 17 ఏళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. బోటులో మాత్రం 13 ఏళ్ల లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ తప్పదు. నాన్నగారు గట్టు మీద కుర్చీ వేసుకుని, బెండు మీద నుంచి చూపు తిప్పకుండా మూడు గంటలు కూర్చున్నారు. పద్నాలుగు పట్టారు, అన్నీ 11, 12 అంగుళాలు. నేను యాభైకి పైగా వదిలేసిన ఆ బ్యాచ్ ఇదే అని నా నమ్మకం.

వంట గురించి ఒక్కటే. దీంతో పులుసు పెట్టకండి, మాంసం మెత్తన, విడిపోతుంది. ముళ్లు తీసిన ముక్కలకి ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, కొంచెం బియ్యప్పిండి పట్టించి వేపుడు చేయండి. మా క్యాబిన్‌లో లోపల వేయించనివ్వరు, వరండాలో గ్యాస్ పొయ్యి పెట్టుకున్నాం. నాన్నగారు మొదటి ముక్క తిని, మిగతావి అమ్మకి ఫోన్లో చూపించి, మళ్లీ వచ్చినప్పుడు రెండు రోజులు ఉందామన్నారు. వచ్చే మార్చికి అదే క్యాబిన్ బుక్ చేశాను, ఈసారి రెండు రాత్రులు.