పీఎం కిసాన్: అమ్మ ఖాతాలోకి రెండు వేలు చేరేదాకా

మాకు నల్గొండ జిల్లాలో 2 ఎకరాల 10 గుంటల చెలక ఉంది. పత్తి వేస్తాం. నాన్న పోయాక పట్టా అమ్మ పేరు మీదకు మారింది. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నవాళ్లకు, కేంద్రం రైతులకు ఇచ్చే పీఎం కిసాన్ డబ్బు రాదు గానీ, వారసత్వంగా వచ్చినవాళ్లకు వస్తుంది. అందుకని అమ్మ పేరు ఎక్కించాం. ఏడాదికి 6,000, విడతకు 2,000. ఇంట్లో పెద్దవాళ్ల పనులు చేసిపెట్టేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

2024 అక్టోబర్ 5న 18వ విడత పడింది. చుట్టుపక్కల ఇళ్లలో ఫోన్లు మోగాయి, అమ్మకు మెసేజ్ రాలేదు. ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకునే పని, కాలేదట. ఆధార్‌కు ఉన్నది నాన్న నంబరు. ఆ సిమ్ ఎప్పుడో పోయింది, ఇక ఓటీపీ ఎక్కడ వస్తుంది? వేలిముద్ర వేయిద్దామని ఒక సెంటర్‌కు తీసుకెళ్లాను. అవి పత్తి ఏరే రోజులు. కాయ మొనలు గుచ్చుకుని అమ్మ వేళ్లు చీరుకుపోయి ఉన్నాయి. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించారు, తడిగుడ్డతో తుడిచారు, కొబ్బరినూనె రాశారు. మిషన్ తీసుకోలేదు. తప్పంతా తనదే అన్నట్టు అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. వేరే దారి ఉందని అక్కడ ఒక్కరూ చెప్పలేదు.

ఉంది. పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించినా ఈకేవైసీ అవుతుంది. ఆధార్ ఫేస్ యాప్ కూడా ఫోన్‌లో వేసుకోవాలి, అంతే. అమ్మను వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి ఫోన్ పట్టుకున్నాను. కళ్లు ఆర్పమంది, ఆర్పింది, అయిపోయింది. ఈ పథకంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పని చేసి వేళ్లు అరిగిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ముందే చెప్పాలి.

2025 ఫిబ్రవరి 24న 19వ విడత. వెబ్‌సైట్‌లో డబ్బు జమ అయినట్టే ఉంది, పాసుబుక్‌లో లేదు. రెండు రోజులు టెన్షన్ పడ్డాం. చివరికి చూస్తే, పొదుపు సంఘం లోను కోసం తీసిన ఇంకో ఖాతాలో పడింది. ఆధార్ చివరిసారి ఏ ఖాతాకు లింకయితే డబ్బు అక్కడికే వెళుతుంది. ముందు అది చూసుకోండి.

ఇక అసలు బాధ టైముది. 2024లో జూన్ 18న వేశారు, విత్తనాల వేళకు సరిపోయింది. 2025లో 20వ విడత ఆగస్టు 2న గానీ రాలేదు. ఆ ఏడాది మా విత్తనాల ఖర్చు తీర్చింది రాష్ట్రం జూన్‌లో ఎకరాకు 6,000 చొప్పున వేసిన రైతు భరోసా. అది లేకపోతే సేటు దగ్గర మిత్తికి తెచ్చేవాళ్లం. ఆగస్టులో రెండు వేలు చేతికొచ్చేసరికి యూరియా దొరకట్లేదు, జనం లైన్‌లో చెప్పులు పెట్టి నిలబడ్డారు. బస్తా 266 రూపాయల 50 పైసలు. అమ్మ కొంగున డబ్బు ఉంది, బస్తా లేదు. అందుకే ఈ పథకానికి ఐదు స్టార్లకు మూడే ఇస్తున్నాను. జూన్ మొదట్లో వేస్తే ఇంకొకటి కలుపుతాను.

మా పక్క చెలక కౌలుకు చేసే బాబాయ్ ఒకరోజు ఆధార్ కార్డు తెచ్చి, “నాది కూడా చూడు బిడ్డా” అన్నాడు. పట్టా నీ పేరు మీద లేకపోతే రాదు బాబాయ్ అన్నాను. కార్డు మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జేబులో వేసుకుని, చేనుకు మందు కొట్టే టైమవుతోందని వెళ్లిపోయాడు.